మూడో నంబరు గడి

పోయిన నెల మా తమ్ముడి షష్టిపూర్తికి ఇంటిల్లిపాది ఫోటోలతో ఒక పుస్తకం వేయించాలని మా మేనకోడలు తన ల్యాప్‌టాప్ తెచ్చి నా ముందు పెట్టింది. ఎవరి ఫోటో ఎవరి పేరు పైన ఉండాలో నీకే బాగా తెలుసు, నువ్వే లాగి పెట్టు అత్తమ్మా అని చెప్పి వంటింట్లోకి వెళ్ళింది. కళ్ళద్దాలు సవరించుకుని మా నాయన ఫోటోను పట్టి లాగుతుండగా మధ్యలో వేలు ఎందుకో లేచింది. ఆ ఫోటో పోయి మా చిన్నమామ పేరు పైన కూర్చుంది. నేను కెవ్వుమన్నానట. పిల్ల పరుగెత్తుకొచ్చి చూసి, "గింతేనా? ఏం గాదత్తమ్మా, ఎనుకకు తీస్కోవచ్చు," అని ఒక్క మీట నొక్కి దాన్ని మొదటి చోటికి పంపి నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎడమ భుజం మీద, జాకెట్టు అంచు కింద ఇప్పటికీ కొద్దిగా సొట్టగా ఉన్న ఎముకను తడుముకుంటూ కూర్చుండిపోయాను. ఆ సొట్ట ఎక్కడిదో దానికి తెలియదు. దాని తండ్రికి, అంటే మా తమ్ముడికి, తెలుసు కానీ మేమిద్దరం ఆ మాట ఎత్తుకుని ముప్పై ఏళ్ళు దాటింది. నా ఈడు వాళ్ళెవరైనా ఇది చదివితే వాళ్ళకు అర్థమవుతుందని రాస్తున్నాను.

మా మేనమామకు వరంగల్ బజారులో, గుడ్డల దుకాణాల వెనక సందులో, ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్ ఉండేది. మా నాయన అందులో కంపోజిటరు. కంపోజింగ్ అంటే సీసపు అక్షరాలను అరల పెట్టెలో నుంచి ఒక్కొక్కటిగా ఏరి వరుసగా పేర్చడం. తెలుగుకు వత్తులూ గుణింతాలూ కలిపి వందల అరలు. మా నాయన వాటివైపు చూడకుండానే వేళ్ళతో ఏరేవాడు. డెబ్బైల నడుమ ఒకరోజు నేను ఆయనకు అన్నం గిన్నె తీసుకుని వెళ్ళేసరికి ప్రెస్సు తలుపు ఊడి పడి ఉంది. ఒక బియ్యం మిల్లులో పనివాళ్ళు కూలి పెంచమని వేయించుకున్న కరపత్రం మీద మిల్లు వాళ్ళకు కోపం వచ్చి ఆరుగురిని పంపారు. వాళ్ళు అరల పెట్టెలన్నీ బోర్లించారు. నేల మీద జానెడు మందాన సీసం. దాని మీద నడుస్తుంటే వానలో గులకరాళ్ళ మీద నడిచినట్టు చప్పుడు. అందులో ఒకడు మా నాయన కుడిచేతిని రాతి బల్ల మీద పెట్టించి, పేజీ బిగించే ఇనుప చట్రాన్ని రెండు చేతులా ఎత్తి మోదాడు. ఆ చప్పుడు నేను గడపలో నుంచి విన్నాను. మా నాయన అరవలేదు. నన్ను చూసి, నువ్వు లోపలికి రాకు బిడ్డా, కాళ్ళకు గుచ్చుకుంటయి అన్నాడు.

ఆ వేళ్ళు మళ్ళీ అక్షరం పట్టలేదు. నేల మీది సీసాన్ని ఏరి అరల్లో సర్దడానికి నాకూ మా నాయనకూ నలభై రోజులు పట్టింది. అవి అయిపోయేసరికి ఏ అక్షరం ఎక్కడుంటుందో నా చేతికే వచ్చేసింది. అలా పదిహేడేళ్ళకు నేను కంపోజిటరునయ్యాను. ఆడపిల్ల ప్రెస్సులో ఏమిటని అన్నవాళ్ళు అన్నారు. పెళ్ళయింది, పిల్లలు పుట్టారు, అత్తగారిల్లు కూడా ఊళ్ళోనే కావడంతో పని మానలేదు. మా మేనమామ ఒక వారపత్రిక మొదలుపెట్టాడు. మార్కెట్ ధరలు, కోర్టు వార్తలు, ఊళ్ళో కొట్లాటలు. అప్పట్లో మా ఊళ్ళో కొట్లాటలకు కొదవ లేదని మీకు చెప్పాల్సిన పనిలేదు.

ఎనభైల చివర మా తమ్ముడు ఇంజినీరింగు చదివి వచ్చి, హన్మకొండలో కంప్యూటర్లు నేర్పే గది ఒకటి పెట్టాడు. వాడికి తెలుగు అక్షరాల పిచ్చి. గళ్ళ కాగితం మీద చుక్కలు నింపి ఒక్కొక్క అక్షరాన్ని తనే గీసి, పత్రిక పేజీని తెర మీదే అమర్చే ప్రోగ్రాము ఒకటి రెండేళ్ళు కూర్చుని రాశాడు. మా మేనమామ మేనల్లుడి మీది ప్రేమతో ఒక కంప్యూటరు కొని ప్రెస్సులో పెట్టించాడు. దానికి సబ్బుబిళ్ళంత మౌస్. మీట నొక్కి పట్టుకుని వార్తను ఇక్కడి నుంచి లాగి అక్కడ వదిలితే అక్కడే ఉండిపోయేది. మొదటిసారి చూసినప్పుడు నాకు ఒళ్ళు పులకరించింది. గంటసేపు సీసం పేర్చి, తాడు కట్టి, రెండు చేతులా మోసి అమర్చే పని వేలి కింద అయిపోతున్నది. చుట్టుపక్కల ఏ ప్రెస్సులోనూ అలాంటిది లేదని మా మేనమామ వచ్చిన ప్రతివాళ్ళకూ చూపించేవాడు.

అయితే అప్పటి ఆ తెర మీద ఫోటోలు కనిపించేవి కావు. ఫోటో ఉండాల్సిన చోట ఖాళీ గడి ఒకటి, దాని మూలన చిన్న అంకె. పేజీ కాగితం మీద అచ్చయ్యాక, పేస్టింగ్ చేసే పెద్దాయన ఒకటో ఫోటోను ఒకటో గడిలో, రెండోదాన్ని రెండో గడిలో అంటించేవాడు. ఫోటో కింద రాసే వాక్యం వేరే ముక్క. ఒక గడిని తెచ్చి ఇంకో గడి మీద వదిలితే రెండూ వాటంతట అవే చోట్లు మార్చుకునేవి. ఆ ఏర్పాటు మా తమ్ముడికి చాలా గర్వంగా ఉండేది. చూశావా అక్కా, మెషీనే అర్థం చేసుకుంటది అనేవాడు.

ఆ ఏడు ఎండాకాలంలో ధాన్యం మార్కెట్టులో హమాలీలు రెండు జట్లుగా చీలారు. లారీలు ఎవరు దించాలన్న దగ్గర మొదలై, తిట్లు, తోపులాటలు దాటి, ఒక బుధవారం పట్టపగలు ఒక జట్టు మేస్త్రీని రెండో జట్టువాడు బస్తాలు లాగే ఇనుప కొక్కెంతో మెడ మీద పొడిచాడు. పొడిచి, కొక్కెం లాగడానికి రాక దాన్ని అక్కడే వదిలి గోడ దూకి పారిపోయాడు. వందమంది చుట్టూ నిలబడి చూశారు. ఎవరూ దగ్గరికి పోలేదు. గేటు బయట సవారీ కోసం నిలబడ్డ రిక్షా ఆయన ఒక్కడు లోపలికి ఉరికి, ఆ మేస్త్రీని భుజాన వేసుకుని తెచ్చి, రిక్షా సీటుకు తువ్వాలతో కట్టేసి, పెద్ద దవాఖాన దాకా తొక్కాడు. దారిలో మూడుసార్లు ఆపి మెడకు గుడ్డ మార్చి కట్టాడట. మూడోసారి ఆపేసరికి ప్రాణం పోయింది. దవాఖాన మెట్ల మీద, తెల్లంగీ అంతా నెత్తురుతో, నోరు కొద్దిగా తెరుచుకుని కూర్చున్న ఆ రిక్షా ఆయనను మా ఫోటోగ్రాఫర్ ఫోటో తీశాడు.

శనివారం పత్రికలో మొదటి పేజీ అంతా అదే. మూడు ఫోటోలు. ఒకటో గడిలో చనిపోయిన మేస్త్రీ. రెండో గడి కింద, పరారీలో ఉన్న హంతకుడు అని. మూడో గడి కింద, ఆపదలో ఆదుకున్న రిక్షా కార్మికుడు అని. ఆ మూడోది పెట్టాలని పట్టుబట్టింది నేనే. ఇంత ఘోరంలో ఒక్క మనిషైనా మనిషిలా నడుచుకున్నాడు, ఊరికి తెలియాలి అన్నాను.

శుక్రవారం మధ్యాహ్నం పేజీ అయిపోయిందనుకున్నాక ఒక ప్రకటన వచ్చింది. దానికి చోటివ్వాలంటే మూడో గడిని పక్క వరుసలోకి జరపాలి. నాలుగింటికి కరెంటు పోతుంది, ఆలోగా కాగితం మీదికి రావాలి. మీట నొక్కి పట్టుకుని మూడో గడిని లాగుతున్నాను. మౌస్ కింది బంతికి దుమ్ము పట్టి గీరుకుపోతున్నది. ఒక్క లిప్తపాటు వేలు సడలింది. ఒక్క లిప్తే. గడి పాత చోటనే ఉందనుకుని అక్కడి నుంచి మళ్ళీ నొక్కి లాగాను, గడి జరిగింది, పేజీ సరిపోయింది, అచ్చు తీసి పెద్దాయన చేతికి ఇచ్చాను. ఆ లిప్తలో మూడో గడి రెండోదాని మీద పడి రెండూ చోట్లు మార్చుకున్నాయనీ, నేను రెండోసారి పట్టి లాగింది రెండో గడిననీ నాకు తెలియలేదు. సీసం పడితే ప్రెస్సంతా వినిపించేది. ఇది పడితే చప్పుడే లేదు.

శనివారం తొమ్మిదింటికి నేను ప్రెస్సుకు వెళ్ళేసరికి కట్టలన్నీ ఎప్పుడో ఊళ్ళోకి పోయాయి. బల్ల మీద మిగిలిన కాపీ ఒకటి తీశాను. నెత్తురంగీతో దవాఖాన మెట్ల మీద కూర్చున్న ఆయన. కింద, పరారీలో ఉన్న హంతకుడు. ఆ అంగీ మీది నెత్తురు ఆ వాక్యానికి ఎంత బాగా సరిపోయిందో చూస్తే, ఎవరికీ అనుమానం రాదని ఆ క్షణాన్నే అర్థమైంది.

మార్కెట్టు మా ప్రెస్సుకు మైలున్నర. ఎలా పరుగెత్తానో గుర్తులేదు. ఒక చెప్పు ఎక్కడో ఊడిపోయింది. గేటు దగ్గరికి రాకముందే వినిపించింది. మనుషులను కొట్టే చప్పుడు ఒకసారి విన్నవాళ్ళకు మళ్ళీ పోల్చుకోవడం కష్టం కాదు. ఏడెనిమిది మంది ఉన్నారు. రిక్షా బోర్లా పడి ఉంది, దాని చక్రం ఇంకా తిరుగుతున్నది. ఆయన నేల మీద, మోకాళ్ళు కడుపులోకి ముడుచుకుని, రెండు చేతులా తల కప్పుకుని ఉన్నాడు. నేను గేటు చేరే లోపలే కుడిచేయి మీద ఇనుప రాడ్డు దిగింది. చేయి ఉండకూడని చోట వంగింది. ఆయన "నేను గాదన్నా, నేను గాదు, పిలగాండ్లు ఉన్నరన్నా," అంటున్నాడు, ఆ మాట పూర్తి కాకముందే ఎవడో చెవి మీద తన్నాడు. కొడుతున్నవాళ్ళలో ముందున్నవాడి జేబులో మా పత్రిక మడతపెట్టి ఉంది.

మధ్యలోకి దూరి ఆయన మీద పడ్డాను. ఎవడో అప్పటికే ఎత్తిన కర్ర ఆగలేదు, నా భుజం మీద దిగింది. కళ్ళు బైర్లు కమ్మాయి.

"ఎవర్నువ్వు? జరుగక్కా, జరుగు! వీని సంగతి నీకెర్క లేదు!"

"ఈయన గాదు! తప్పు నాది! పేపర్ల ఫోటో నేనే తప్పు వెట్టిన!"

"పేపర్ల పడ్డదని మేం జూసినం. నువ్వు జరుగు."

"ఆ పేపరు చేసేది నేనే! మీ మేస్త్రీని దవాఖానకు మోసుకపోయింది ఈయననే! ఆ అంగీ మీద ఉన్నది మీ మేస్త్రీ నెత్తురే!"

వాళ్ళు నమ్మలేదు. నన్ను చేయి పట్టి పక్కకు ఈడ్చారు. ఆ ఈడ్పుకు విరిగిన భుజం ఎముక లోపల కదిలిన నొప్పి ఇప్పటికీ చలికాలంలో తిరిగి వస్తుంది. అప్పుడు గేటులో నుంచి ఒక ముసలి హమాలీ అరుచుకుంటూ వచ్చాడు. "ఆగున్రి! ఆగున్రిరా! బుధారం నాడు మేస్త్రీని భుజం మీదేస్కపోయింది గీయననేరా, నేను నా కండ్లతోటి జూసిన!"

రాడ్డు పట్టుకున్నవాడు చనిపోయిన మేస్త్రీకి స్వయానా తమ్ముడు. బుధవారం నాడు వర్ధన్నపేట దగ్గర అత్తగారి ఊళ్ళో ఉన్నాడు, వెంట వచ్చినవాళ్ళూ ఆ ఊరివాళ్ళే. అన్నను శవంగానే చూశాడు. మోసుకెళ్ళిన మనిషిని చూడలేదు. ఆ ముసలాయన మాట విని అతను మొదట నావైపు, తర్వాత కిందపడ్డ ఆయనవైపు చూశాడు. రాడ్డు చేతిలో నుంచి జారిపోయింది. ఒంగి, రిక్షా ఆయన మొహం మీది మట్టినీ నెత్తురునూ తన అరచేత్తో తుడుస్తూ, "అన్నా, మా అన్న ఏమన్న మాట్లాడిండా?" అని అడిగాడు. రిక్షా ఆయనకు వినిపించలేదు. ఆ చెవి ఇక ఎప్పటికీ వినలేదు.

అతనే ఆయనను రెండు చేతుల మీద ఎత్తుకుని ఇంకో రిక్షాలో దవాఖానకు తీసుకెళ్ళాడు. నేను వెనక వెళ్ళాను. కుడిచేయి రెండు చోట్ల విరిగింది, మూడు పక్కటెముకలు, ఒక చెవి. వదిన, అంటే ఆయన భార్య, మరిపెడ వైపు నుంచి బతకడానికి వచ్చిన మనిషి, వార్డు గోడకు ఆనుకుని, నన్ను పైనుంచి కిందికి చూసి మొహం పక్కకు తిప్పుకుంది. ఆమె నన్ను కొట్టి ఉంటే బాగుండునని చాలా ఏళ్ళు అనుకున్నాను.

ఆ మధ్యాహ్నమే మేస్త్రీ తమ్ముడు ప్రెస్సుకు వచ్చాడు. ఒక్కడే. అదే రాడ్డు. భుజానికి కట్టుతో నేను లోపల కూర్చుని ఉన్నాను. మా మేనమామ ఎదురువెళ్తే ఒక్క తోపు తోశాడు. ఆయన కాగితాల కట్టల మీద వెల్లకిలా పడ్డాడు. అతను నన్ను చూసి, "ఎందుల వెట్టినవు ఫోటో? ఏ మిషన్ల?" అని అడిగాడు. నేను చూపించాను. ఎందుకు చూపించావని మా తమ్ముడు తర్వాత ఎన్నోసార్లు అడిగాడు. అతను తెర మీద కొట్టిన మొదటి దెబ్బకే అది తుపాకీ పేలినట్టు పేలింది. గాజు ముక్కలు నా ఒళ్ళో పడ్డాయి. మీటల పలకను, అదే కీబోర్డును, ముక్కలయ్యే దాకా కొట్టాడు. తర్వాత బల్ల పక్కన కూలబడి, "నన్ను పాపిని జేసిన్రు. మా అన్నను గుండెకానిచ్చుకున్నోణ్ణి నా చేతులతోని కొట్టిచ్చిన్రు," అని చిన్నపిల్లవాడిలా ఏడ్చాడు. మా మేనమామ లేచి, ఒళ్ళు దులుపుకుని, కుండలో నుంచి మంచినీళ్ళు ముంచి అతనికి ఇచ్చాడు. పోలీసులను పిలవలేదు.

సాయంత్రం మా తమ్ముడు వచ్చాడు. పగిలిన తెరను చూసి వాడి మొహం పాలిపోయింది. రెండేళ్ళ కష్టం అని మోకాళ్ళ మీద కూర్చుని ముక్కలు ఏరుతూ, సంగతంతా విన్నాక, "ప్రోగ్రాంల తప్పు లేదక్కా. నీ చెయ్యి జారింది," అన్నాడు. వాడి మాటలో అబద్ధం లేదు. నేను లేచి, బాగున్న చేత్తో వాడి చెంప మీద ఈడ్చి కొట్టాను. మా అమ్మ చేత కూడా దెబ్బ తినని పిల్లవాడు. "చెయ్యన్నంక జారుతది. సీసం పేర్చేటప్పుడు నాయన చెయ్యి జారలేదా, నా చెయ్యి జారదా? జారితే మనిషి సావాల్నా? జారిందని ఒక్క ముక్క చెప్పకపాయె నీ మిషన్!" అని అరిచాను. వాడు చెంప పట్టుకుని బయటికి వెళ్ళిపోయాడు. నెలరోజులు మా ఇంటి గడప తొక్కలేదు.

ఆ సాయంత్రమే మూలన దుమ్ము పట్టిన సీసపు అరల ముందు నిలబడి, ఒక్క చేత్తో, తప్పు ఎవరిదో, ఆ మనిషి ఎవరో, ఏం చేశాడో ఒక కాగితం కంపోజు చేశాను. కింద నా పేరు పెట్టాను. పత్రిక పరువు పోతుందని మా మేనమామ మొదట వద్దన్నాడు. కానీ వద్దనుకుంటే నా పేరును నీ చేత్తోనే తీసెయ్యి అని నేను అంటే, తీయలేదు. మర్నాడు పొద్దున మార్కెట్టు గేటులో నిలబడి వచ్చేపోయే ప్రతివాడి చేతిలో పెట్టాను. కొందరు చదివారు. ఒకడు దాన్ని నలిపి నా మొహాన కొట్టాడు. ఒకామె నా కాళ్ళ దగ్గర ఉమ్మింది. ఎంతమంది చదివినా మొదటిది చదివినంతమంది చదవలేదు. తర్వాత ఏళ్ళ తరబడి కూడా, ఆయన వీధిలో పోతుంటే కొత్తవాళ్ళు పక్కకు తప్పుకునేవాళ్ళు.

పారిపోయినవాడు పదిహేను రోజులకు దొరికాడు. ఆ వార్త లోపలి పేజీలో నాలుగు వాక్యాలు వేశాం.

రిక్షా ఆయన చేయి అతికింది కానీ వణుకు పోలేదు. హ్యాండిలు పట్టుకోలేడు. మా మేనమామ ఆయనను ప్రెస్సులో కాగితాలు మడిచే పనిలో పెట్టుకున్నాడు. మొదటి రోజు ఆయన గడపలో నిలబడితే నేను లేచి నిలబడ్డాను. ఆయన, "కూసో చెల్లె. నీ రెట్ట ఎట్లున్నది?" అని అడిగాడు. నా భుజం గురించి అడిగిన మొదటి మనిషి ఆయన.

వర్షాలు మొదలయ్యాక మా తమ్ముడు తన సొంత తెర ఒకటి, పాత మీటల పలక ఒకటి మోసుకుంటూ ప్రెస్సుకు వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. ఏమీ చెప్పకుండా బిగించి, కూర్చుని, ప్రోగ్రాము తెరిచి, గంటలకొద్దీ రాయడం మొదలుపెట్టాడు. నాలుగో రోజో అయిదో రోజో తల తిప్పకుండానే, "అన్నను ఒకసారి ఇది పట్టుకొమ్మను," అన్నాడు. నాకు కోపం వచ్చింది. వణికే చేతికి మౌస్ ఇవ్వడం ఏమిటని. వాడు నావైపు తిరిగాడు. "నీ చెయ్యి మంచిగుంటది, నా చెయ్యి మంచిగుంటది. మనం ఎన్నిసార్లు లాగినా తప్పు దొరకది. ఆయన చేతిల ఆగితే ఎవలి చేతులన్న ఆగుతది," అన్నాడు. ఆ పని వాడికి ఎంత బరువో అప్పుడు తెలిసింది.

ఆయన వచ్చి కూర్చున్నాడు. మౌస్ మీద చేయి పెడితే తెర మీది బాణం గుర్తు జ్వరం వచ్చినట్టు కొట్టుకుంది. నొక్కితే గడి ఒకచోట లేచి ఇంకోచోట పడింది, పట్టుకోకుండానే కదిలింది, వదలకుండానే పడింది. "ఏందిది తమ్మీ, పట్టుకుంటెనే జారుతాంది," అని నవ్వాడు. మా తమ్ముడు నవ్వలేదు, ప్రతిదీ కాగితం మీద రాసుకున్నాడు. మొదట, కొద్దిపాటి వణుకును లాగడంగా లెక్కపెట్టకూడదని మార్చాడు. వేలు గట్టిగా నొక్కి వేలెడు దూరం జరిపితేనే గడి లేచేట్టు చేశాడు. లేచిన గడి పాత చోట చుక్కల గీత నిలిచి, ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పేది. పడబోయే చోటు ముందుగానే నల్లబడేది. ఫోటో గడినీ దాని కింది వాక్యాన్నీ విడదీయరాకుండా కట్టేశాడు, ఒకటి ఎక్కడికి పోతే రెండోదీ అక్కడికే. మూలన అంకె పోయి గడి నడుమ పెద్ద అక్షరాల్లో మనిషి పేరు వచ్చింది.

ఇన్ని చేసినా, మధ్యలో వేలు సడలితే ఏం చేయాలన్నది వాడికి తేలలేదు. ఆ మాటే పైకి అనుకుంటుంటే, కాగితాలు మడుస్తున్న ఆయన, "నేను సవారీని ఎక్కిచ్చుకునేటప్పుడు యాడికి అని అడుగుత. దించేటప్పుడు ఇక్కడేనా అని అడుగుత. అడగకుంట దించుతమా తమ్మీ?" అన్నాడు. మా తమ్ముడు ఆ పూటే రాశాడు. గడి వదలగానే కింద చిన్న అక్షరాలు, ఇక్కడేనా? అవునంటేనే దిగుతుంది, లేకపోతే బయలుదేరిన చోటికే తిరిగిపోతుంది.

పది రోజులు గడిచాక ఒక మధ్యాహ్నం నాకు చెమటలు పట్టాయి. ఇక్కడేనా అని అడుగుతుంటే నేను చూడకుండానే అవును అవును అని నొక్కుకుపోతున్నాను. రోజుకు నూరుసార్లు అడిగితే వేలికి అలవాటైపోయింది. ఏడుస్తూ చెప్పాను. ఆయనే మళ్ళీ, "రోజూ పొయ్యే సవారిని రోజూ అడిగితే యాష్టకొస్తది చెల్లె. కొత్త గల్లీ అయితెనే అడగాలె," అన్నాడు. అప్పుడు మా తమ్ముడు ఖాళీ చోట దిగేవాటికి ప్రశ్న తీసేశాడు. ఇంకో గడి మీద పడబోయినప్పుడు మాత్రం, చోట్లు మారడం అనేదే లేకుండా, గట్టిగా కూత పెట్టి ఆగిపోయేట్టు చేశాడు. ఆ కూతకు నేను మొదటిసారి ఉలిక్కిపడి మౌస్ వదిలేశాను. గడి మెల్లగా వెనక్కి వెళ్ళి తన చోట కూర్చుంది. మా తమ్ముడు నా చేయి పట్టుకున్నాడు. వాడిని నేను కొట్టిన సంగతి మేమిద్దరం ఎత్తలేదు.

ఆ ప్రోగ్రాము ఊళ్ళో మరో రెండు మూడు ప్రెస్సుల దాకా పోయింది. తర్వాత పెద్ద కంపెనీల సరుకు వచ్చింది, అందంగా, రంగుల్లో. మాది ఎవరికీ అక్కరలేకపోయింది. రిక్షా ఆయన మా ప్రెస్సు మూసేదాకా ఉన్నాడు. మేస్త్రీ తమ్ముడు ప్రతి దసరాకూ ఆయన ఇంటికి బియ్యం బస్తా తన భుజాన మోసుకొచ్చి గడపలో దించి, లోపలికి రాకుండా వెళ్ళేవాడని వదిన చెప్పింది. ఆమె నాతో మాట్లాడడం మొదలుపెట్టడానికి నాలుగేళ్ళు పట్టింది. ఆయన పోయిన రోజు నా పక్కన కూర్చుని, నా సొట్ట భుజం మీద చేయి వేసి ఏడ్చింది.

ఇప్పుడు ఫోన్లలో రోజూ చూస్తుంటాను. ఎవరిదో ఫోటో, దాని కింద ఎవరిదో నేరం. పొద్దున పెట్టినది మధ్యాహ్నానికి లక్షల చేతుల్లో ఉంటుంది, సాయంత్రానికి ఎక్కడో ఒక ఊళ్ళో ఒక మనిషి నేల మీద ముడుచుకుని నేను గాదన్నా అంటుంటాడు. పెట్టినవాళ్ళకు ఆ ఊరి పేరు తెలియదు, కొట్టినవాళ్ళకు పెట్టినదెవరో తెలియదు. మా రోజులు మంచివని చెప్పలేను, మా చేతులు శుభ్రమైనవని అసలే చెప్పలేను. మాకు ఒక్కటే ఉండేది. తప్పు చేసిన మనిషికీ దెబ్బలు తింటున్న మనిషికీ నడుమ దూరం మైలున్నరే. చెప్పు ఊడిపోయినా పరుగెత్తితే, ఆలస్యంగానైనా, చేరుకోగలిగేంత.